బాపు బాయి

శ్రీరాంపూర్‌లో బాయికి పోవడమంటే నీళ్లు చేదుకోవడానికి పోవడం కాదు. టిఫిన్ డబ్బా పట్టుకుని, నెత్తిన దీపం పెట్టుకుని భూమి లోపలికి దిగడం. బొగ్గు గనిని గని అనేది పేపర్లవాళ్లూ ఆఫీసర్లే. మిగతా అందరికీ అది బాయే. పొలంలో ఉన్నదీ బాయే, బొగ్గు తవ్వేదీ బాయే. ఎవరు ఏ బాయి గురించి మాట్లాడుతున్నారో అక్కడ పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క మాట మీదే తన చదువంతా నిలబడే రోజు వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే స్వరూప నవ్వి ఊరుకునేది.

స్వరూప తండ్రి మొండయ్య ముప్పై ఒక్క ఏళ్లు బాయి పని చేశాడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక అతని బట్టలు ఉతకడం తల్లి నాగవ్వకు పెద్ద యుద్ధం. ఎంత సబ్బు రుద్దినా నురగ రాదు. షాపువాడు కల్తీ సబ్బు అంటగడుతున్నాడని నాగవ్వ రోజూ వాణ్ని తిట్టేది. తొమ్మిదో తరగతిలో కఠిన జలం పాఠం చెప్పిన రోజు స్వరూప పరుగున ఇంటికొచ్చి, "అవ్వా, సబ్బుది తప్పు గాదే, నీళ్లది" అంది. ఆ దెబ్బతో షాపువాడికి తిట్లు తప్పాయి, స్వరూపకు రసాయనశాస్త్రం పట్టుకుంది.

మంచిర్యాలలో డిగ్రీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ. ఆ వెంటనే కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఏడేళ్లు. అక్కడ పిల్లలకు కెమిస్ట్రీ అంటే నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దడం. ల్యాబుకు తాళం ఉండేది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ప్రిన్సిపాల్‌కే తెలియదు. పరీక్షనాళిక పట్టుకోని పిల్లలు రాష్ట్ర స్థాయి ర్యాంకులు తెస్తుంటే స్వరూపకు సంతోషమూ వేసేది, ఒళ్లూ మండేది. అందుకే ఆసిఫాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్లు పిలిచి, "ల్యాబు ఉంది, కానీ చూసుకునేవాళ్లు లేరు" అనగానే ఒప్పుకుంది. కొలువు ఏడాదికోసారి కొత్తగా రాసుకునేది. అయినా సరే అనుకుంది.

పదమూడేళ్లు ఆ ల్యాబు ఆమెదే. పగిలిన బ్యూరెట్ల స్థానంలో కొత్తవి తెప్పించింది, తుప్పు పట్టిన కుళాయిలు మార్పించింది. నీళ్ల కఠినత్వం కొలిచేటప్పుడు ద్రవం ఎరుపు పోయి నీలానికి తిరిగే చుక్క ఒకటి ఉంటుంది. దాని దగ్గర చెయ్యి ఆగాలి. అది పుస్తకంలో చదివితే రాదు. పిల్లల పక్కన నిలబడి, "ఆగు, ఇంకొక్క చుక్కనే" అని ఆమె ఎన్ని వేలసార్లు అని ఉంటుందో లెక్కలేదు.

గోపాల్‌కు కూడా అలాగే నేర్పింది. అతనిది బోథ్ పక్క పల్లె, వ్యవసాయ కుటుంబం. ఎమ్మెస్సీ చేసి అదే కాలేజీలో చేరేనాటికి బ్యూరెట్ తిప్పడం కూడా సరిగా రాదు. కానీ మంచి మాటకారి. చేరిన వారానికే స్వరూపను అక్కా అన్నాడు, నెలకు మొండయ్యను కాకా అన్నాడు. శ్రీరాంపూర్‌లో వాళ్ల ఇంటి పక్కనే గది అద్దెకు తీసుకున్నాడు. రెండేళ్లపాటు అక్కాతమ్ముళ్లిద్దరూ పొద్దున ఒకే రైలెక్కారు, రాత్రి ఒకే పొయ్యి మీది బువ్వ తిన్నారు. మొండయ్య తన బాయి కబుర్లు చెబుతుంటే గోపాల్ ఊ కొడుతూ తినేవాడు. వింటున్నాడనే ఇంట్లో అందరూ అనుకున్నారు.

స్వరూప పీహెచ్‌డీకి ఎంచుకున్నది కూడా ఆ నురగ రాని నీళ్లనే. మంచిర్యాల, ఆసిఫాబాద్ చుట్టుపక్కల తొంభై ఆరు చోట్ల నీళ్లు పట్టి, ఎండాకాలం ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి, నాలుగేళ్లు పరీక్షించింది. ప్రతి సీసాకూ తెలుగులో చీటీ అంటించి, అదే పేరు గట్టి అట్ట రిజిస్టర్లో రాసుకుంది. కనకవ్వ బాయి, పోచయ్య బాయి, బడి కాడి బోరింగు. నలభై ఒకటో సీసా మొండయ్య పనిచేసిన గని నుంచి మోటార్లు బయటికి తోడే నీళ్లది. దానికి, తండ్రిని తను పిలిచే పిలుపుతోనే, 'బాపు బాయి' అని రాసింది. పేరు పెట్టేటప్పుడు కాస్త గర్వంగానే అనిపించింది.

థీసిస్ రాసే వేళకు నాగవ్వకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య స్వరూప నలిగిపోతుంటే గోపాలే ముందుకొచ్చాడు.

"అక్కా, నువ్వు అవ్వను జూస్కో. రిజిస్టరియ్యి, అంకెలన్ని కంప్యూటర్ల నేనెక్కిస్త. ఫికర్ జెయ్యకు."

ఆమె రిజిస్టర్ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. సొంత తమ్ముడున్నా ఇంత చేసేవాడు కాదని నాగవ్వ మంచం మీంచే అంది. నెల తర్వాత గోపాల్ రిజిస్టర్ తిరిగిచ్చాడు, అంకెలు ఎక్కించిన ఫైలూ ఇచ్చాడు. అందులో ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత పని పెరిగిందని చెప్పి గది ఖాళీ చేసి ఆసిఫాబాద్‌కు మారాడు.

నాగవ్వ కోలుకుని, స్వరూప థీసిస్ పూర్తి చేసి విశ్వవిద్యాలయంలో ఇచ్చేసరికి రెండేళ్లు పట్టింది. ఆ ఏడాదిలోగా పీహెచ్‌డీ తెచ్చుకోనివాళ్లను కొనసాగించేది లేదని కాలేజీ అప్పటికే నోటీసు పెట్టింది. అయినా ఆమె ధైర్యంగానే ఉంది. థీసిస్ ఇచ్చిన పదో రోజున ఆమె గైడ్ ప్రొఫెసర్ హనుమండ్లు ఫోన్ చేశాడు.

"స్వరూపా, నీ థీసిస్ కాపీ అని తేలింది. కంప్యూటర్ నూటికి అరవై ఒకటి చూపించింది. నా పరువు తీసినవు."

ఎవరి దగ్గర నుంచి కాపీ అని అడిగితే ఒక పత్రిక పేరు చెప్పి ఫోన్ పెట్టేశాడు. స్వరూప ల్యాబులోనే కూర్చుని ఫోన్‌లో ఆ వ్యాసం తెరిచింది. పైన, ఏడాది కింద అదే గైడు దగ్గర పీహెచ్‌డీకి చేరిన గోపాల్ పేరు, కింద హనుమండ్లు పేరు. లోపల తన తొంభై ఆరు సీసాలు. తను నాలుగు ఎండాకాలాలు తిరిగి కొలిచిన ప్రతి అంకె ఉంది, తన పేరు ఒక్కటే లేదు. తనకు ఈ దొంగతనం అంటగట్టిన గైడు దానికింద సంతకం చేసినవాడే.

చదువుతూ చదువుతూ నలభై ఒకటి దగ్గర ఆగింది. అక్కడ ఇంగ్లీషులో రాసి ఉన్నదేమిటంటే, అది బాపు అనే రైతు పొలంలోని దిగుడు బావి, లోతు పన్నెండు మీటర్లు. ఆ నీళ్లలో సల్ఫేటు ఇంత విపరీతంగా ఎందుకుందో ఒక పేరా వివరణ కూడా ఉంది. ఆ రైతు అవగాహన లేక ఎరువులు గుమ్మరించడం వల్లనట.

బోథ్ వైపు బాపు అంటే మనిషి పేరు. మరాఠీ గాలి తగిలిన ఊళ్లు కాబట్టి బాపులు, బాపురావులు వాడకొకరుంటారు. గోపాల్ తన తండ్రిని నాయిన అంటాడు. పైనా కిందా కనకవ్వ, పోచయ్య ఉంటే నడుమ బాపు కూడా ఒక రైతే అయి ఉంటాడనుకున్నాడు. సల్ఫేటు బొగ్గుతో పాటు ఉండే గంధకం వల్ల వచ్చిందని చెప్పేందుకు పక్కన ఎవరూ లేరు మరి.

స్వరూపకు అంకెలు పోయినందుకంటే దీనికి ఎక్కువ మండింది. రెండేళ్లు వాళ్ల ఇంట్లో కంచం ముందు కూర్చుని, బాపూ అని తను పిలవడం రోజుకు పదిసార్లు విని, ఆ మనిషి బాయి కథలకు ఊ కొట్టి, ఒక్క మాటా చెవిన వేసుకోలేదు వాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పింది కానీ గోపాల్ పేరు మాత్రం నోటికి రాలేదు. ఎవరో కాపీ కొట్టారని, విశ్వవిద్యాలయంవాళ్లు విచారణకు పిలుస్తారని చెప్పింది.

"నన్ను రైతును జేసిండా," అన్నాడు మొండయ్య నవ్వుతూ. "జానెడు జాగ లేనోన్ని. మంచిగనే జేసిండు." తర్వాత కూతురి ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "నేనూ వస్త బిడ్డా ఆ విచారణకు. ఒక్కదానివి పోకు."

విచారణ రోజు తెల్లవారి బస్సులో బయల్దేరారు. మొండయ్య జొన్నరొట్టెలు డబ్బాలో కట్టించుకుని, ఉతికిన ధోతి కట్టుకుని వచ్చాడు. విశ్వవిద్యాలయంలో అతన్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి స్వరూప లోపలికి వెళ్లింది. కమిటీలో ముగ్గురున్నారు. అధ్యక్షురాలిగా కూర్చున్న మేడమ్ వేరే రాష్ట్రంలో చాలాకాలం పనిచేసి వచ్చినావిడ. బల్లకు ఇవతల ఒక పక్క హనుమండ్లు, అతని వెనక గోపాల్. గోపాల్ ఆమె వైపు చూడలేదు.

స్వరూప రిజిస్టర్ బల్ల మీద పెట్టింది. హనుమండ్లు దాన్ని ముట్టుకోకుండానే, "రిజిస్టర్ ఎప్పుడైనా రాసుకోవచ్చు మేడమ్. అచ్చయిన తేదీ ముఖ్యం" అన్నాడు. మేడమ్ తల ఊపింది. పీహెచ్‌డీలో చేరినప్పటినుంచీ ఈయన పాదాలకు దండం పెట్టి ప్రతి పని మొదలుపెట్టానన్న సంగతి స్వరూపకు అప్పుడే గుర్తుకొచ్చి, తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఒక్కటే అడుగుత మేడమ్," అంది. "నలభై ఒకటో నీళ్లు ఎక్కడియో గోపాల్‌ను చెప్పమనుండ్రి."

గోపాల్ లేచి నిలబడ్డాడు. "బాపు అనే రైతుది మేడమ్. శ్రీరాంపూర్ శివారుల ఉంటది ఆ బాయి."

"నువ్వే వెళ్లి పట్టావా?"

"అవును మేడమ్. ఆయన ముందటనే పట్టిన."

"అయితే ఆ రైతుతో ఒక మాట చెప్పిస్తే సరిపోతుంది కదా. పిలిపించగలవా?"

గోపాల్ హనుమండ్లు వైపు చూశాడు. తర్వాత తేలిగ్గా అన్నాడు. "లేడు మేడమ్. సచ్చిపోయిండు. రెండేండ్లయితుంది."

స్వరూప తలుపు వైపు చూసింది.

"బాపు సచ్చిపోలే మేడమ్. బయట బెంచి మీద కూసున్నడు."

మేడమ్ ఆమెను ఎగాదిగా చూసి, ప్యూన్‌ను పంపింది. మొండయ్య చెప్పులు వాకిట్లో విడిచి, డబ్బా చంకన పెట్టుకుని లోపలికొచ్చాడు. ముందుగా కనిపించింది గోపాలే. ముఖం వికసించింది.

"ఏం బిడ్డా, నువ్వు గూడ వచ్చినవా అక్క కోసం? మంచిగున్నవా? తిన్నవా?"

గోపాల్ తల ఎత్తలేదు.

"మీ పేరేమిటి?" అంది మేడమ్.

"మొండయ్య."

"మరి బాపు ఎవరు?"

"నేనే. మా బిడ్డ నన్ను బాపు అంటది. బాపును బాపు అనకపోతె ఏమంటది మేడమ్?"

"మీకు పొలంలో బావి ఉందా?"

"పొలమే లేదు. బాయి ఉండె, బొగ్గు బాయి. ముప్పై ఒక్క ఏండ్లు దిగిన. నడుసుకుంట దిగితే గంట వడుతుండె."

మేడమ్ కాగితాలు దగ్గరికి లాక్కుంది. వ్యాసంలో పన్నెండు మీటర్లు అని ఉన్నచోట పెన్నుతో గీత గీసి, ఆ కాగితాన్ని హనుమండ్లు వైపు తిప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. పత్రిక ఆ వ్యాసాన్ని తీసేసింది. స్వరూపకు వేరే గైడ్ కింద ఆర్నెల్లకు డిగ్రీ వచ్చింది, కాలేజీలో కొలువు నిలిచింది. గోపాల్ ఎక్కడో ఇంకో కాలేజీలో చేరాడు. శిష్యుడే తనను మోసం చేశాడని హనుమండ్లు కమిటీకి ఒక ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నాడు. అతనికి ఏ నష్టమూ జరగలేదు, ఇప్పటికీ సభల్లో పరిశోధనా నీతి మీద మాట్లాడతాడు.

ఆ రోజు తిరిగొస్తుంటే కరీంనగర్ బస్టాండులో బస్సు మారాల్సి వచ్చింది. మొండయ్య రెండు చాయ్‌లు తెచ్చాడు. లోపల ఏం జరిగిందో అతనికి సగమే అర్థమైంది, ఆ సగం నమ్మబుద్ధి కాలేదు.

"నేను లోపలికి రాకముందు గోపాల్ నా గురించి ఏమన్నడు బిడ్డా? అందరు నా దిక్కు ఒక తీరుగ జూసిండ్రు."

"ఏమనలే బాపూ. నీ బాయి ఏడున్నదో తెల్వదన్నడు."

"తెల్వకపోవుడేంది? రోజు చెప్పిన గదా వానికి." అంటూ డబ్బా మూత తీశాడు. అడుగున రెండు రొట్టెలు కాగితంలో విడిగా చుట్టి ఉన్నాయి. "వాన్ని చూసినంక ఇగ నేను తినలే, వానికిద్దామని పక్కకు వెట్టిన. ఆకలిమీద ఉన్నట్టు కనవడ్డడు. బయటికొచ్చి చూస్తె లేడు."

ఒకటి కూతురి చేతిలో పెట్టి, రెండోది తను తీసుకున్నాడు. స్వరూప దాన్ని చేతిలో పట్టుకునే మంచిర్యాల బస్సెక్కింది.