తాకట్టులో గుండ్లపేరు

తణుకులో మాది లైసెన్సు ఉన్న తాకట్టు కొట్టు. నేను కోడలిగా వచ్చిన కొత్తలోనే మామగారు రిజిస్టరు నా చేతికిచ్చేశారు. ఆయనైతే "బంగారు గొలుసు, ఒకటి" అని రాసి ఊరుకునేవారు. అది చూస్తే నాకు ఒళ్లుమంట. వస్తువును ఎన్నడూ చూడని తనిఖీ అధికారి కూడా చదివి గుర్తుపట్టేలా రాయాలి కదా! అందుకని సొట్ట, అతుకు, అరుగుదల ఏదీ వదలను. తెచ్చినవారి పేరు, ఊరు, సంతకం, గుర్తింపు కార్డు నకలు సరేసరి. "మా కోడలు నగ మీద చీమ పాకినా రాసేస్తుందండి" అని మామగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతారు. నాకు మాత్రం గర్వంగానే ఉంటుంది.

పోయిన పెళ్లిళ్ల సీజనులో మా వీధి చివర ఉండే పిన్నిగారు వచ్చారు. బంగారు గుండ్లు గుచ్చిన గుండ్లపేరు కౌంటరు మీద పెట్టి, "ఓ వెయ్యి ఇయ్యమ్మా, చాలు" అన్నారు.

"ఇంత వస్తువు పెట్టి వెయ్యేంటండీ?"

"మా ఆడపడుచు కూతురి పెళ్లి. పిల్లకి వేస్తానని దీన్ని అడగడానికి రేపొస్తుంది. తాకట్టులో ఉందని అబద్ధమాడలేను కదా! అందుకని నిజంగానే పెట్టేస్తున్నాను."

నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. అది వాళ్లమ్మగారి మెడలోదట. ఆ మధ్య ఆడపడుచుకు ఎరువిస్తే ఒక గుండు తక్కువగా తిరిగొచ్చిందట. అడిగితే, "నువ్విచ్చిందే అలాగ వదినా" అందట ఆడపడుచు. గుండు పోయినందుకు కాదు, ఆ మాటకే ఆవిడ బాధంతా.

నేను భూతద్దం పెట్టి చూసి, "ఒక గుండు లేదు, ఆ చోట ఎర్రదారం ముడి" అని కూడా రాసి, కవరుకు సీలు వేసి రసీదిచ్చాను.

మర్నాడు ఆడపడుచుగారు వదినను వెంటబెట్టుకుని దిగిపోయారు. వెయ్యీ, వడ్డీ కౌంటరు మీద పెట్టి, "నేను విడిపిస్తానమ్మా, తియ్యి" అన్నారు. పిన్నిగారు బిక్కమొహం వేశారు.

"రసీదు కావాలండి" అన్నాను, ఆవిడకు ఆసరాగా ఉంటుందని.

పిన్నిగారు టక్కున అందుకున్నారు. "రసీదు పోయిందమ్మా!"

"పోతే పోయిందని రాసిచ్చెయ్ వదినా. దానికేముంది?"

ఇక నాకు తప్పలేదు. రసీదు పోయిందంటే కవరు విప్పి, రిజిస్టరులో రాసింది పైకి చదివి, వస్తువు మీదేనా అని అడగడం మా కొట్టు పద్ధతి. తూకం చదివాను, కొక్కెం మీద సొట్ట చదివాను. "ఒక గుండు లేదు, ఆ చోట ఎర్రదారం ముడి. మీదేనాండీ?"

పిన్నిగారు ఆడపడుచు వైపు చూశారు. ఆడపడుచుగారి మొహం పాలిపోయింది.

"ఆ ముడి నేనే వేశాను వదినా" అన్నారు నెమ్మదిగా. "దారం తెగి గుండ్లన్నీ దొర్లిపోయాయి. ఒకటి కనబడక, భయపడి కట్టేశాను. తర్వాత బీరువా కింద దొరికింది. అప్పటికే నీతో పోట్లాడేశాను. ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?"

పర్సు జిప్పు తీసి చిన్న కాగితం పొట్లం వదిన చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ ఆ గుండు ఆవిడ పర్సులోనే తిరుగుతోందట.

"ఏడిశావులే" అన్నారు పిన్నిగారు కళ్లు తుడుచుకుంటూ. నావైపు తిరిగి, "దీన్ని ఇప్పుడే గుచ్చెయ్యమ్మా" అన్నారు.

"కుదరదండి. నేను రాసిన వస్తువులో గుండు లేదు. విడిపించుకున్నాక మీరే గుచ్చుకోవాలి."

నిన్నటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. "నీ రాతలు తగలెయ్య!" లోపల్నుంచి మామగారు పడీపడీ నవ్వుతున్నారు. అయినా నేను మెట్టు దిగలేదు.

"సరే, విడిపిస్తాం. పిల్ల మెళ్లో నేనే వేస్తాను" అంటూ పిన్నిగారు చేతిసంచిలోంచి రసీదు బయటికి లాగారు. "అరే, ఇదిగో, దొరికింది!"

"ఇందాకట్నుంచీ సంచిలోంచి కనబడుతూనే ఉంది వదినా" అన్నారు ఆడపడుచుగారు.