శాలిబండలో ఎవరి ఖర్చు ఎవరిది

తొంభైల చివర్లో శాలిబండలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం, నేనూ అతనూ. మాకు పెళ్ళి కాలేదు. నా మొదటి భర్తతో విడాకుల కేసు ఇంకా నడుస్తోంది. నేను సర్కారు ఆఫీసులో టైపిస్టుని. అతను మా కిందనే కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. బాగైన మిషన్‌ను తిప్పి చూసే టకటక మా వంటగదిలోకి వినపడేది. ఆ చప్పుడు వింటూ వండుకున్న పొద్దులు ఇప్పటికీ గుర్తొస్తాయి.

నయాపూల్ దగ్గర కోర్టులో భరణం అడిగాను. రాబడీ ఖర్చులూ రాసి అఫిడవిట్ ఇవ్వాలంది మా వకీలమ్మ. అతని సంగతి చెప్పగానే పెన్ను పక్కన పెట్టేసింది.

"గాయన పైసలతోని ఇల్లు నడుస్తున్నదని తెలిస్తే అవతలోళ్ళు ఊకుంటరా? భరణం కష్టమైతది. దాస్తే జడ్జి ముందట నీ ఇజ్జత్ పోతది. ఎవరేం పెడుతున్నరో కూసొని రాసుకరాండ్రి."

ఆదివారం మిద్దె మీద చాప పరుచుకుని కూర్చున్నాం.

"కిరాయి?" అన్నాను.

"నువ్వే కడ్తవ్."

"మొన్న నువ్వు కట్టావుగా!"

"నీ జీతం లేటైందని కట్టిన. బియ్యం రాయి."

"అవి నువ్వే తెస్తావు."

"నేనేడ తెచ్చిన? నువ్వు మోసుకొస్తే మెట్ల కాడ అందుకున్న, గంతే."

పాలు, గ్యాసు, కరెంటు, ఏదీ తేలలేదు. నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి నాకు ఏడుపొచ్చింది. మొదటి కాపురంలో జీతం మొత్తం ఆయన చేతిలో పెట్టి, బస్సు చార్జీకి కూడా లెక్క చెప్పేదాన్ని. అక్కడ ఏది ఎవరిదో నిద్రలో అడిగినా చెప్పగలిగేదాన్ని.

అతను కంగారుపడ్డాడు. "ఫికర్ జెయ్యకు. నన్ను కిరాయికి ఉన్నోడని రాయి. నాకేం బాధ లేదు."

"నాకుంది" అన్నాను.

మర్నాడు వకీలమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. కలిసి ఉంటున్నాం, ఖర్చంతా ఉమ్మడి, అలాగే రాయండి. భరణం వద్దు, మా అమ్మ పెట్టిన బంగారం ఇప్పిస్తే చాలు.

"మంచిగ ఆలోచించినవా?"

"ఆలోచించాను."

కోర్టులో అవతలి వకీలు ఆ మాటను గట్టిగా చదివాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక బెంచీ మీద ఇస్త్రీ చొక్కాతో అతను తల దించకుండా కూర్చున్నాడు. ఎన్నో వాయిదాల తర్వాత విడాకులొచ్చాయి. గాజులు తిరిగొచ్చాయి, గొలుసు రాలేదు. ఆ తర్వాత మేం పెళ్ళి రిజిస్టర్ చేయించుకున్నాం.

ఇల్లు అమ్మేస్తున్నానని ఓనరు చెప్పేదాకా అక్కడే ఉన్నాం. తర్వాత ఎన్ని ఇళ్ళు మారినా, ఆ ఇరుకు గదుల్లో ఉన్నంత నిశ్చింతగా నేనెక్కడా లేను.