అక్క చెంపలో మైనం

మా అక్కకు చిన్నప్పుడు తల్లి పోసింది. పుస్తకాల్లో మశూచి అని రాస్తారు, మా ఊరు మోస్రాలో తల్లి అనే అనేవాళ్లం. ప్రాణం దక్కింది కానీ రెండు చెంపలూ గుంటలు పడ్డాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే మా బావ ఆమెను "జల్లెడ మొఖం" అని పిలిచేవాడు. ముద్దుపేరట. నలుగురిలో పిలిచేవాడు, నలుగురూ నవ్వేవారు. ఆ ముద్దు మండిపోను!

పోచంపాడ్‌లో ఆనకట్ట పని నడుస్తున్న రోజుల్లో, నిజామాబాద్ స్టేషన్ దగ్గర ఒకడు గది తీసుకుని బోర్డు కట్టాడు. మైనం కరగబెట్టి సూదితో చెంపలోకి ఎక్కిస్తే గుంటలు పూడుతాయన్నాడు. బొంబాయిలో నేర్చుకున్నాడట. అక్క ఎవరికీ చెప్పకుండా పోయి ఎక్కించుకుంది.

కొన్నాళ్లు చెంపలు నున్నగానే ఉన్నాయి. అద్దం వదల్లేదు, పిచ్చిది. తర్వాత కుడి చెంప ఎర్రబడి రాయిలా గట్టిపడింది. జ్వరం వచ్చింది. వాపు కంటి కిందికి పాకింది. బావ ఆమెను మా ఇంట్లో దింపి డ్యూటీ ఉందని వెళ్లిపోయాడు.

అక్క ఏదీ దాచలేదు. అంతా విని అవ్వ దండం పెట్టుకుంది. అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అనే పిలిచేవాళ్లం.

"తల్లి ఇచ్చిన మచ్చలను మైనంతోటి పూడ్పిచ్చుకుంటె ఊకుంటదా బిడ్డా? మల్ల వచ్చింది."

"గిది తల్లి కాదే అవ్వా, వాడు పొడిసిన సూది. నన్ను దవాఖానకు తీస్కపోండ్రి."

ఎవరు విన్నారు? గుమ్మానికి వేపకొమ్మలు కట్టారు. ఇంట్లో తాళింపు మానేశారు. తల్లి ఉన్న ఇంట్లో మందు తాకకూడదు, సూది అసలే తాకకూడదు. అక్క చెంపకు పసుపు, వేపాకు నూరి పట్టించారు. ఆమె మంటతో అరిస్తే, తల్లి శాంతిస్తోందన్నారు.

బాపు ఉండబట్టలేక వర్ని నుంచి డాక్టర్‌ను తెచ్చాడు. వెంటనే పెన్సిలిన్ ఇవ్వాలని, లేకపోతే కంటికే ముప్పని ఆయన చెప్పాడు. అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది.

"మీ కాళ్లు మొక్కుత సారూ, లోపలికి రాకుండ్రి. తల్లికి కోపమొస్తె ఇల్లంత పోతది."

అంగట్లో ఎవరికీ తగ్గని మా బాపు ఆ మాటకు తలవంచుకున్నాడు. డాక్టర్ సైకిలెక్కి వెళ్లిపోయాడు. లోపల్నుంచి అక్క ఆయన్ను పిలుస్తూనే ఉంది.

కన్ను పూర్తిగా మూసుకుపోయి చీము కారడం మొదలయ్యాక గానీ బాపు బండి కట్టలేదు. నిజామాబాద్ దవాఖానలో చెంప కోశారు. చీములో మైనం ముక్కలు వచ్చాయి. మిగిలిన మైనం కండలో కలిసిపోయిందని, అది ఇక రాదని అన్నారు.

కట్టు విప్పిన రోజు అవ్వ మంచం పక్కనే, అక్కకు కుడివైపు కూర్చుంది. అక్క అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని తల అటూ ఇటూ తిప్పింది.

"అవ్వా, ఒక్క మాట మాట్లాడవే. యాడున్నవో తెలుస్తలేదు."