ఎడ్లు పడమరకు పోలేదు

ఈ రోజు నా క్లాసులో నేనే తప్పాను, అదీ పిల్లలందరి ముందు.

నల్గొండలో ఎంబీఏ ప్రవేశ పరీక్షకు కోచింగ్ ఇస్తుంటాను. పొద్దున క్లాసులోనే మాక్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే, దేవరకొండ దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అనిత ఒక దిక్కుల లెక్క తప్పు చేసినట్టు కనిపించింది. దక్షిణం ముఖంగా నడిచే మనిషి ఎడమకు, మళ్లీ ఎడమకు, తర్వాత కుడికి తిరిగితే ఇప్పుడు అతని ముఖం ఎటు? నేను తయారు చేసుకున్న కీలో జవాబు పడమర. ఆమె తూర్పు అని రాసింది. పక్కన బొమ్మ కాదు కదా, ఒక్క గీత కూడా లేదు.

"జవాబు పడమర. బొమ్మ గియ్యకుంటే గిట్లనే అయితది" అని కసిరాను.

"మనిషిని అనుకుంటే నాకు సమజ్ కాదు సార్, ఎడ్లను అనుకుంట. మా బాపుతోటి పత్తి చేన్ల అరక తోలినదాన్ని. మీరు చెప్పినట్టు తిప్పితే ఎడ్లు పడమరకు పోవు సార్" అంది, ఏమాత్రం తడబడకుండా.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, ఆమె తప్పు చూపిద్దామని లేచి దక్షిణం వైపు తిరిగి నిలబడ్డాను. ఎడమకు తిరిగాను, మళ్లీ ఎడమకు, ఆ తర్వాత కుడికి. ఎదురుగా కిటికీలోంచి పొద్దుటి ఎండ సూటిగా నా కళ్లలో పడింది.

ఆ కీ రాసి ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో తూర్పు అని సరిగ్గా రాసి, నేను కొట్టేస్తే నా మాట నమ్మి పడమర అని దిద్దుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే కామెంట్లో తిట్టండి, పడతాను. నన్ను కాదని ఎడ్లను నమ్మింది మాత్రం అనిత ఒక్కతే.