పదకొండో అధ్యాయం

అమెరికాలో మేముండే నోవై అనే ఊరి లైబ్రరీలో పిల్లల విభాగం వైపు పెద్దవాళ్ళు కూర్చోదగ్గ కుర్చీ ఒక్కటే ఉండేది. 2008 చలికాలమంతా ఆ కుర్చీ నాదే. మా ఆయన ఆఫీసుకి వెళుతూ నన్ను అక్కడ దింపి, సాయంత్రం వచ్చి ఎక్కించుకునేవారు. విజయవాడలో ఒక దినపత్రిక డెస్క్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చినదాన్ని. భర్త వీసా మీద వచ్చిన భార్యకి ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. చదువుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు కనుక చదివాను.

పిల్లల నవలలతో మొదలుపెట్టడానికి కారణం భక్తీ కాదు, ప్రేమా కాదు. నా ఇంగ్లీషు అంతవరకే వచ్చేది. అవి కొన్ని అయ్యాక డిటెక్టివ్ నవలలకి వచ్చాను. రెండు రకాల మీదా అభిప్రాయాలు పోగయ్యాయి. చెప్పుకోవడానికి మనిషి లేదు. మా తెలుగు సంఘం మూడు నెలలకోసారి వేసే పత్రికలో తెలుగు పేజీలు సరిదిద్దిపెట్టేది నేనే. జీతం లేని పని. అందులోనే ఒక పేజీ నాకోసం ఉంచుకుని, ఈమధ్య చదివిన పుస్తకాల గురించి రాసేదాన్ని.

అట్ట మీద బహుమతి ముద్ర ఉన్న పిల్లల నవలలో కుక్క కనిపిస్తే అది సగం పేజీలు దాటేలోపు చస్తుంది. కుక్క లేకపోతే అమ్మమ్మ. ఆ చావుతో పిల్లవాడికి బుద్ధి వస్తుంది. ఒక పిల్లవాడికి బుద్ధి రావడానికి ఇంతమంది చావాలా అని రాశాను. డిటెక్టివ్ నవలల్లో అడగకుండా సాయం చేసినవాణ్ణి మొదట్లోనే గుర్తు పెట్టుకుంటే చాలు, చివర్లో పోలీసులు పట్టుకునేది వాణ్ణే. మంచు కురిసే ఊళ్ళో హత్య జరిగిన కథ ఒకటి నాలుగు వందల పేజీలు చదివాను. ఇన్‌స్పెక్టరుని భార్య వదిలేసి వెళ్ళింది. ఆ దుఃఖంలో పడి శవం సంగతి అతనూ మరిచిపోయాడు, రచయితా మరిచిపోయాడు. పిల్లి హంతకుణ్ణి పట్టించిన నవల కూడా చదివాను. ఇన్‌స్పెక్టరు కంటే ఆ పిల్లి నయం. మొత్తం మీద నాకు నచ్చింది ఒక్కటే. బట్టలుతికే దుకాణంలో పనిచేసే తల్లి కోసం ఒక పిల్ల రోజూ బస్టాపులో ఎదురుచూసే కథ. అందులో ఎవరూ చావలేదు, ఎవరికీ బుద్ధి రాలేదు. రెండుసార్లు చదివాను.

పత్రికని నలుగురూ చదివేవారు. "నువ్వు తిట్టిన పుస్తకాలే ఏరి తెచ్చుకుంటున్నానమ్మా, పొగిడినవి మహా బోరు" అని ఒక పెద్దావిడ, ఇంటికో వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర వడ్డిస్తూ అంది. పదాలు తూచి రాసే పాత అలవాటు ఇక్కడ కూడా పనికొచ్చిందని లోపల సంతోషించాను. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు.

మా ఆయన పనిచేసే కన్సల్టింగ్ కంపెనీ యజమాని తెలుగాయనే. సంఘానికి ఆ ఏడాది అధ్యక్షుడు కూడా ఆయనే. మా గ్రీన్ కార్డ్ కాగితాలు ఆయన కంపెనీ తరఫునే వెళ్ళాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకి చెప్పకుండా వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, కాఫీ వద్దులే, కూర్చో. మన పిల్ల నవల రాసింది. పిల్లల మిస్టరీ. నువ్వు రాసే టాపిక్కే కదా?"

ఆయన కూతురు అప్పుడు పదకొండో క్లాసు. పుస్తకం సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. కాలేజీ అప్లికేషన్లు పంపేనాటికి పిల్ల పేరు మీద ఒక పుస్తకం ఉండాలి. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల కొందరు తల్లిదండ్రులు పిల్లల చేత వయొలిన్ వాయించినట్టే పుస్తకాలు కూడా రాయించేవారు.

"నిజాయితీగా రాయి. మొహమాటపడకు" అని, మెట్లు దిగుతూ, "వచ్చే నెల మా బేస్‌మెంట్‌లో లాంచ్ పెడుతున్నాం. నీ రివ్యూ నేనే మైకులో చదువుతా" అన్నాడు.

పుస్తకం పట్టుకుని లైబ్రరీ కుర్చీలో కూర్చున్నాను. తిట్టడానికి సిద్ధమయ్యే తెరిచాను. మూడో అధ్యాయానికి ఆ సంగతే మరిచిపోయాను.

పదేళ్ళ పిల్ల ఉండే ఇంట్లో పుస్తకాలు మాయమవుతుంటాయి. కథల పుస్తకాలే పోతాయి. లెక్కల వర్క్‌బుక్కులు ఒక్కటీ పోవు. పిల్ల నోట్‌బుక్ పెట్టుకుని దర్యాప్తు చేస్తుంది. పుస్తకాలు పోయేది మంగళవారం సాయంత్రాలు. బుధవారం పొద్దున చెత్త బండి వస్తుంది. ఇల్లు తుడిచే మనిషి వచ్చేది శుక్రవారం. ఆరో అధ్యాయంలో, దర్యాప్తుతో సంబంధం లేనట్టు, ఒక చిన్న వాక్యం ఉంది: నాన్న చెత్త డబ్బా రోడ్డు పక్కన పెట్టి వచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నేను చదివిన డిటెక్టివ్ నవలల్లో ఇంత నెమ్మదిగా ఆధారం దాచిపెట్టినవాళ్ళు లేరు.

పదకొండో అధ్యాయంలో దొంగ దొరుకుతుంది. ఇల్లు తుడిచే మనిషి. తన పిల్లల కోసం తీసుకున్నానని ఏడుస్తుంది. నాన్న ఆమెని క్షమించి, నిజాయితీ గురించి ఒక పేజీ మాట్లాడి, ఒక పెట్టెడు పుస్తకాలు దానం చేస్తాడు. పిల్ల తన తల్లిదండ్రుల విలువలకి కృతజ్ఞత తెలుపుకుంటుంది. జిల్లా విలేకరి పంపిన వార్తకి దారిలో ఎమ్మెల్యే మనిషి ఎవరో ఒక పేరా అతికిస్తే డెస్క్‌లో కూర్చున్న మాకు ఎలా తెలిసిపోయేదో, ఇదీ అలాగే తెలిసిపోయింది.

తర్వాతి శనివారం ఆ అమ్మాయే మా ఇంటికి వచ్చింది. డ్రైవింగ్ లైసెన్స్ కొత్తగా వచ్చిందట, ఒక్కతే వచ్చింది. పత్రికలో వేయడానికి అట్ట బొమ్మ ఉన్న పెన్ డ్రైవ్ ఇచ్చింది. బూట్ల మంచు కరిగి గుమ్మం దగ్గర పట్టా తడుస్తున్నా లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు.

"ఆంటీ, మీరు చదివారా? లైక్, రియల్‌గా?"

"రెండుసార్లు చదివాను."

"సో... ఎండ్‌కి ముందు ఎవరు అనుకున్నారు?"

"చేతులు రెండుసార్లు కడుక్కున్నాయన" అన్నాను.

ఆ పిల్ల గుమ్మంలోనే చెప్పుల స్టాండు పక్కన కూర్చుండిపోయింది.

"మీరే ఫస్ట్ ఆంటీ. మా ఇంగ్లిష్ టీచర్ కూడా చూడలేదు. చాప్టర్ లెవెన్ నేను రాయలేదు. నాది వేరే ఉంది. కాలేజీవాళ్ళు చదివితే మన ఫ్యామిలీ గురించి ఏమనుకుంటారు అని డాడ్ మార్చేశారు."

"అమ్మ ఏమంది?"

"టీ పెట్టింది."

ఇద్దరం నవ్వాం. తర్వాత తను నవ్వలేదు.

"ఫిఫ్త్ గ్రేడ్‌లో నాకు మ్యాథ్ కాంపిటీషన్ ఉంది. బుక్స్ అన్నీ పోయాయి. నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయావ్ అని డాడ్ ఇప్పటికీ అంటారు. గెస్ట్‌లు వస్తే జోక్‌లాగ చెప్తారు. ఐ నో వాట్ ఐ సా, ఆంటీ. మా క్లీనింగ్ లేడీ చాలా నైస్. తను ఇంగ్లిష్ చదవలేదు, థాంక్ గాడ్" అంది.

నేనూ వెళ్ళి తన పక్కన కూర్చున్నాను.

"మీరు రాస్తారా? పెద్దగా వద్దు. క్లూస్ అన్నీ వేరే సైడ్ వెళ్తున్నాయి అని. ఒక్క లైన్."

"రాస్తాను" అన్నాను.

రాశాను కూడా. ఆధారాలన్నీ ఒకరి వైపు వేలు చూపిస్తుంటే పదకొండో అధ్యాయం ఇంకొకరి చెయ్యి పట్టుకుంది, ఆ అధ్యాయం ఈ రచయిత్రిది కాదనిపిస్తోంది. ఇంతే రాశాను. మా ఆయన టీ తాగుతూ చదివి, కాగితం బల్ల మీద పెట్టారు.

"ఇది ఆయనకి అర్థమవుతుందా?"

"అవ్వాలనే రాశాను."

"మన ఫైల్ ఆయన టేబుల్ మీద ఉంది. మార్చిలోపు సంతకం పడకపోతే నా వీసాకి ఇచ్చిన ఆరేళ్ళ గడువూ అయిపోతుంది. తర్వాత డిటెక్టివ్ నవలలు విజయవాడలో చదువుకుందువుగాని."

"బెదిరించాడా?"

"బెదిరించాల్సిన అవసరం ఆయనకేముంది?"

తీసెయ్యమని మా ఆయన ఒక్కసారి కూడా అనలేదు. పత్రికలో ఆ పేజీకి నాపైన ఎవరూ లేరు. ఎవరో కోసేశారని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. రెండు రోజులు ఆ వాక్యాల చుట్టూ తిరిగాను. మెత్తగా చేశాను, ఇంకా మెత్తగా చేశాను, చివరికి మెత్తబడటానికి ఏమీ మిగల్లేదు. వాటి స్థానంలో, చివరి పేజీ వరకూ దొంగ ఎవరో ఎవరూ ఊహించలేరని రాశాను. అచ్చం అట్టల వెనక ఉండే వాక్యం. అలాంటివి రాసేవాళ్ళని ఏడాదిగా ఎద్దేవా చేస్తున్నదాన్ని నేనే.

లాంచ్ రోజు బేస్‌మెంట్‌లో అరవై మందిదాకా ఉన్నారు. ఆయన మైకు పట్టుకుని నా సమీక్ష మొత్తం చదివాడు. ఊహించలేరన్న వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ చదివాడు. అంతా చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా కొట్టారు.

ఆ అమ్మాయి పేపరు ప్లేట్లో గారెలు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు గాని, పత్రికల తెలుగు ఆ పిల్లకి అందదు. కళ్ళు మెరుస్తున్నాయి.

"డాడ్ మొత్తం చదివారు! నాకు సగం అర్థం కాలేదు. ఆంటీ, రాశారా? ఆ లైన్?"

తండ్రి తెలియక ఆ వాక్యాన్ని మైకులో చదివేశాడని అనుకుంటోంది. నేను ఊఁ అన్నా నమ్మేది.

"లేదమ్మా. స్థలం సరిపోలేదు" అన్నాను.

డెస్క్‌లో ఉన్నప్పుడు విలేకరులు ఫోన్ చేసి మా వార్త ఏమైందని అడిగితే మేం చెప్పే మాట ఇదే. భయపడి తీసేసినా, యజమాని వద్దన్నా, మరిచిపోయినా, స్థలం సరిపోలేదు. వాళ్ళు నమ్మేవాళ్ళు కారు. మేమూ నమ్మమని చెప్పేవాళ్ళం కాదు. ఈ పిల్ల నమ్మింది.

"ఓ. దట్స్ ఓకే. నెక్స్ట్ ఇష్యూలో వేస్తారా?"

"చూద్దాం."

"థాంక్యూ ఆంటీ" అని, గారెల ప్లేటు నా చేతిలో పెట్టి వెళ్ళింది.

మార్చి మొదటి వారంలో సంతకం పడింది. అదే నెలలో వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నాతో ఎన్నడూ పది మాటలు మాట్లాడని మనిషి.

"మీ పుణ్యమా అని మా పిల్ల తెలుగు అక్షరాలు దిద్దుతోందండీ. ఎన్నేళ్ళు మొత్తుకున్నా వినలేదు, ఇప్పుడు తనే వచ్చి కూర్చుంటోంది. వచ్చే సంచికలో మీ పేజీ తనే చదువుకుంటుందట. గుణింతాల్లో ఉంది. సంచిక ఎప్పుడొస్తుంది?"

"ఏప్రిల్ చివరికి వస్తుందండీ" అన్నాను.

ఆ సంచికకి నేను ఏమీ రాయలేదు. ఒంట్లో బాగాలేదని సంఘంవాళ్ళకి చెప్పాను. నా పేజీ మొత్తం ఖాళీగా మిగిలింది. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసిపెట్టే ఒకాయన ప్రకటన పావు పేజీది ఉంటే, దాన్ని పెద్దది చేసి, ఆ పేజీ నిండా సర్దాను.