ముక్క ముట్టని పెద్దింట్లమ్మ

మలికిపురంలో మా వీధికి చేపలు తెచ్చే పెద్దింట్లమ్మ తాను మాత్రం చేప తినదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఎందుకు తినదో కూడా తెలుసుననే అనుకొనేవాళ్ళం.

ఆమె పుట్టిందీ మెట్టిందీ సముద్రపు ఒడ్డునున్న పల్లిపాలెంలోనే. తెల్లవారుజామున రేవులో చేపలు వేలంపాటలో కొని, ఆటోలో మా ఊరు వచ్చి, ఎండ ముదిరేలోగా అమ్ముకొని వెళ్ళిపోతుంది. మా అరుగు మీద కత్తిపీట వాల్చుకొని, వేళ్ళకు బూడిద అద్దుకొని, జారిపోయే చేపను కుడి బొటనవేలితో అదిమి పట్టి పొలుసు తీస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. పండుగప్ప పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో మా వీధి కోడళ్ళకు నేర్పినది ఆమెయే. అదే పులుసు తన ఇంట్లో కాగుతున్నప్పుడు ఆమె మాత్రం పచ్చిమిరపకాయ నంజుకొని పప్పన్నం తింటుంది. కోడి, మేక, రొయ్య, ఏదైనా అంతే.

పల్లిపాలెంలో పుట్టిన మనిషి నీచు తినకపోతే, దానికి దేవుడికి సంబంధించిన కారణం ఏదో ఉండి తీరాలి. ఊరికే ఇష్టం లేకపోవడమన్నది అక్కడ కారణంగా చెల్లదు. పెద్దింట్లమ్మ భర్త అప్పలరాజు పెళ్ళయిన కొత్తలో వేటకు వెళ్ళి గాలివానలో చిక్కుకొన్నాడు. పడవ విరిగింది. అందరూ ఆశ వదులుకొన్న తరువాత, ఎక్కడో దక్షిణాన ఎవరో పడవవాళ్ళు నీళ్ళలోంచి తీసి ఒడ్డుకు చేర్చగా, బతికి ఇంటికి వచ్చాడు. ఆ తరువాతనే, అతని భార్య నీచు ముట్టడం లేదని ఇరుగుపొరుగువారు గమనించారు. మగడు తిరిగి వస్తే నీచు మానేస్తానని అమ్మవారికి మొక్కుకొన్నదని ఒకరన్నారు, మిగిలినవారు నమ్మారు. అప్పటినుండి పాలెంలో ఏ కొత్త పడవ నీళ్ళలోకి దిగినా, దాని ముక్కుకు తొలి పసుపు, తొలి కుంకుమ ఆమె చేతనే పెట్టిస్తున్నారు.

కిందటి సంవత్సరం వేసవిలో చేపల వేటకు ఉండే నిషేధం ముగిసి పడవలు మళ్ళీ కదిలిన రోజుల్లో, జెల్ల చేప ముల్లు ఆమె కుడి బొటనవేలిలో దిగింది. చేపలమ్మేవారికి ముల్లు గుచ్చుకోవడం వింత కాదు. గాయం మానకపోవడమే వింత. రాజోలులో డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, చక్కెర వ్యాధి చాలా ముదిరిందనీ, మాత్రలతో పాటు తిండి కూడా మార్చకపోతే వేలు తీసివేయవలసి రావచ్చుననీ చెప్పారు. బొటనవేలు లేని చేత్తో చేపను పట్టలేరు. అందువల్ల పోయేది ఒక్క వేలు కాదు, ఆమె బతుకుతెరువు.

వేలికి కట్టు కట్టినందున కోడలు వీరలక్ష్మి తోడుగా రావడం మొదలుపెట్టింది. మందు ఎంత వాడాలో డాక్టరుగారు చెప్పారు. తిండి సంగతి ఫోను చెప్పింది.

"అన్నం వద్దంటండి టీచరుగారూ. పప్పులొద్దు, పాలొద్దు, పంచదారొద్దు. వ్యవసాయం రాకముందు మనుషులేం తిన్నారో అదే తినాలంట. పేలియో డైట్ అంటారండి," అన్నది వీరలక్ష్మి, చిన్నచిన్న పరిగె చేపల తలలు కోస్తూ.

"ఏం తినేవారట?"

"మాంసం, చేపలు, గుడ్లు. ఆకులూ, కాయలూ కూడా అనుకోండి."

పెద్దింట్లమ్మ నవ్వింది. "అయితే నన్నా రోజుల్లో గుంపులోంచి తోలేసేవోరండి."

ఆదిమానవుడి పాఠాన్ని నేను బడిలో ఎన్నోసార్లు చెప్పాను, పిల్లలచేత అప్పజెప్పించుకొన్నాను. కాని అతడు మన ఊరిలో పుట్టి ఉంటే ఏం తినేవాడని ఏనాడూ ఆలోచించలేదు. అదే మాట పైకి అన్నాను. గోదావరి ఒండ్రులో వరి లేని కాలంలో ఏముండేదబ్బా అని ముగ్గురమూ లెక్కపెట్టసాగాము. కంద, పెండలం, చేమదుంపలు, తేగలు. ముంజెలు, కొబ్బరి.

"ఆయనకి కత్తిపీట ఉండేదాండి?" అన్నది పెద్దింట్లమ్మ.

"రాయి ఉండేది."

"రాయితో కంద చెక్కేడంటే మొగోడేనండి. ఆ దురద ఎలా భరించేడో!"

మరునాటినుండి ఆమె అన్నం మానేసి, ఉడికించిన పెండలం, చేమదుంపలు, అరటికాయ, పచ్చికొబ్బరి తినసాగింది. మాంసం జోలికి పోకుండానే ఆదిమానవురాలినయ్యానని సంబరపడింది. మళ్ళీ రక్తపరీక్ష చేయించేసరికి చక్కెర తగ్గకపోగా పెరిగింది. డాక్టరుగారు ఏం తిన్నదో ఒక్కొక్కటే అడిగి తెలుసుకొని, తల పట్టుకొన్నారట.

"దుంపలు కూడా అన్నానికి చుట్టాలేనంటండి," అని వీరలక్ష్మి వచ్చి చెప్పింది. "చేప తినమన్నేరు. తినదన్నాను. పోనీ రోజూ రెండు గుడ్లయినా తినమన్నేరు. అత్త మాటాడదు!"

పెద్దింట్లమ్మ దుంపలు మానేసింది. గోంగూర, తోటకూర, దోసకాయ, కొబ్బరి మాత్రం మిగిలాయి. కొన్నాళ్ళకు ఆమె మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఒకనాడు మా అరుగు ఎక్కబోతూ స్తంభం పట్టుకొని అలాగే నిలిచిపోయింది. చేతులు వణుకుతున్నాయి. కూర్చోబెట్టి, మాత్ర వేసుకొని ఏమీ తినలేదని తెలిసి, రెండు చెంచాల పంచదార కలిపిన నీళ్ళు తాగించాను. వీరలక్ష్మి చేపలిచ్చి రావడానికి వీధి చివరికి వెళ్ళింది.

"చూడు పెద్దింట్లమ్మా," అన్నాను, "నీ మొక్కు గొప్పదే. కాని వేలు పోగొట్టుకోమని ఏ అమ్మవారూ అడగదు. గుడ్డుకు మినహాయింపు ఇమ్మని దణ్ణం పెట్టుకోరాదూ?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. వీధి అటూ ఇటూ చూసింది.

"మొక్కు లేదండి."

"అంటే?"

"అసలు మొక్కుకోనే లేదండి. చేపంటే నోరొప్పుకోదు. చిన్నప్పట్నుంచీ అంతే. మాంసమూ అంతే. మా అమ్మ కొట్టి పెట్టేదండి, కక్కేసేదాన్ని. ఆయన తిరిగొచ్చేక మొక్కన్నారు. కాదనడానికి నోరు రాలేదు. అందరూ బలవంతంగా ముక్కెయ్యడం మానేసేరు కదా, అదే చాలనుకున్నాను."

"మరి గుడ్డు?"

ఆమె ముఖం ఒక్కసారిగా చిన్నపిల్ల ముఖమయింది. "గుడ్డంటే ప్రాణమండి నాకు! మా నాయనమ్మ బాతుగుడ్డు బూడిదలో కాల్చి పెట్టేది. మొక్కన్నాక గుడ్డు కూడా నీచేనన్నారు. దాంతో అదీ పోయింది."

నాకు నవ్వాలో బాధపడాలో తెలియలేదు. ఇష్టం లేనివన్నీ తప్పించుకోవడానికి ఉపయోగపడిన మొక్కు, ఇష్టమైన ఒక్కదాన్నీ ఇన్నేళ్ళు దూరం చేసింది. ఆ మొక్కు ఆమెది కూడా కాదు.

"చెప్పేయరాదూ?" అన్నాను.

"పాలెమేమన్నా పడతానండి. ఆయనకెలా చెప్పను? నా మొక్కు వల్లే సముద్రం తనని వదిలిందని ఆయన నమ్మకం. గుడ్డు తింటే, నీ కోసం నేనేమీ మొక్కలేదయ్యా అని చెప్పినట్టే కదండి."

ఆమె భయం నాకప్పుడు అర్థమయింది. వీరలక్ష్మి తిరిగి రావడంతో ఆ మాట అక్కడితో ఆగింది. వెళ్ళే ముందు పెద్దింట్లమ్మ మాత్రం నా చెవి దగ్గరకు వంగి, "రేపు ఆయన్ని తీసుకొస్తానండి. మీ ముందైతే అరవడు," అన్నది.

అన్నట్టే తీసుకొని వచ్చింది. అప్పలరాజు ఎండకు మాడిన పొడుగాటి మనిషి. నాకు నమస్కారం పెట్టి, కత్తిపీట ముందు చతికిలబడి, ఎందుకు రమ్మన్నదో చెప్పనందుకేమో, పరిగెలను వాటికి తగని కోపంతో కోయసాగాడు. పెద్దింట్లమ్మ మెట్టు మీద కూర్చుంది.

"మావా, నీకో మాట చెప్పాలి. నాకేసి చూడకు. చేపకేసి చూడు."

"చూస్తానే ఉన్నాను. చెప్పు."

చెప్పింది. మొదట తడబడినా, తరువాత అంతా ఒక్క గుక్కలో చెప్పింది. అప్పలరాజు చెయ్యి ఆగింది.

"మొక్కుకోలేదా?"

"లేదు."

"మరి నేనొచ్చిందాకా ఏం చేశావే?"

"ఒడ్డున కూచున్నాను. ఏ దేవుడి పేరూ గుర్తుకు రాలేదు. నీళ్ళకేసి చూస్తా కూచున్నాను."

"కూడు తిన్నావా?"

"ఎవరో తెచ్చి పెట్టేరు. దిగలేదు."

అతడు చేపను తిప్పి రెండో వైపు పొలుసు తీశాడు. "దీన్నేమంటారండి టీచరుగారూ?" అన్నాడు తలెత్తకుండా. "మొక్కు కాదంటంది మరి."

చేపలు కడగడానికి నేను చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టాను.

"నీకు చేప పడదని నాకు తెలీదా ఏటే?" అన్నాడతడు మళ్ళీ. "పెళ్ళైన కొత్తలోనే నీ కంచంలో ముక్క నా కంచంలోకి నడిచొచ్చేసేది. గాలివాన ముందా, అది ముందా?"

"తెలిసీ ఊరుకున్నావా?"

"రెండు ముక్కలొస్తంటే ఎవడు మాటాడతాడు? ఎలాగూ ఇష్టం లేనిదాన్నే అమ్మోరికి వదిలేసి, తెలివిగా నన్ను వెనక్కి తెప్పించుకున్నావనుకున్నాను. మా ఆవిడ బేరమాడ్డంలో గట్టిదని సంబరపడ్డాను కూడాను."

పెద్దింట్లమ్మ కట్టు కట్టిన చేత్తో అతని భుజం మీద కొట్టి, నొప్పితో అబ్బా అని తానే అరిచింది. నేను లోపలికి వెళ్ళి గుడ్లు ఉడకబెట్టబోయాను. ఆమె వద్దన్నది.

"రాఘవులుకి చెప్పకుండా తినకూడదండి. ఆడి పడవ కట్టడం అయిపోవచ్చింది. నా చేత్తోనే పసుపు పెట్టిస్తానని ఊరంతా చెప్పుకున్నాడు."

రాఘవులు పాలెంలో పెద్దమనిషి. ఆమె చెప్పినదంతా విని, గెడ్డం గోక్కొంటూ ఇలా అన్నాడని అప్పలరాజే నాకు చెప్పాడు:

"ఎంత పని చేశావు వదినా! మరి ఇన్నేళ్ళూ నువ్వు బొట్టెట్టిన పడవలన్నీ బాగానే తిరిగొచ్చేయే?"

"అందుకే చెప్పడానికి మరీ భయమేసింది," అన్నదట పెద్దింట్లమ్మ.

"బాగానే వచ్చేయి కాబట్టి నిన్నేమీ అనను. కానీ తెలిసేక పెట్టించలేను. కుర్రాళ్ళు భయపడతారు. సముద్రమ్మీదకెళ్ళేవోళ్ళకి భయముండకూడదు కదా."

ఆ మాటలో అన్యాయం ఉన్నదని ఆమె అనలేదు. నాకూ అనిపించలేదు.

కొత్త పడవ నీళ్ళలోకి దిగేనాడు కుతూహలం ఆపుకోలేక నేనూ వెళ్ళాను. పడవకు నీలిరంగు వేసి, ముక్కుకు బంతిపూల దండలు కట్టారు. పసుపు పెట్టడానికి నాగదుర్గ అనే ఆమెను పిలిచారు. శనివారాలు కటిక ఉపవాసముంటుందని ఆమెకు పేరు. పెద్దింట్లమ్మ ఆడవాళ్ళ వెనుక వరుసలో నిలబడింది. నాగదుర్గ గిన్నెలో పసుపు మరీ పలచగా కలిపింది. అది చెక్క మీద నిలువక కిందికి కారిపోతున్నది. పెద్దింట్లమ్మ రెండడుగులు ముందుకు వేసి, ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. కొంగు చివరను గట్టిగా పట్టుకొన్నది. పడవ అలలలోకి పోయేదాకా వదలలేదు.

జనం పలచబడ్డాక అప్పలరాజు స్టీలు బాక్సు మూత తీశాడు. అందులో ఉడికించిన బాతుగుడ్లు రెండున్నాయి. ఆమె వేలికి ఇంకా కట్టు ఉన్నది కనుక పెంకు అతడే వలిచాడు. దూరంగా నిలబడి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చూస్తున్నారు. చూస్తున్నారని తెలిసే ఆమె ఇసుక మీద కూర్చొని, ఉప్పు అద్దుకొని, కొరికింది.

"ఎలా ఉంది?" అన్నాను.

నమిలి, మింగి, ఆలోచించింది. "మా నాయనమ్మ కాల్చినంత లేదండి." రెండోదానికి చెయ్యి చాచింది.

కార్తీక మాసానికి ఆమె వేలు మానింది. మాత్రలు, రోజుకు రెండు గుడ్లు, ఆకుకూరలు, కొబ్బరి, మధ్యాహ్నం డాక్టరుగారు అనుమతించిన పిడికెడు అన్నం, ఇదీ ఆమె తిండి. ఇందులో ఆదిమానవుడి వాటా ఎంతో, డాక్టరుగారి వాటా ఎంతో వీరలక్ష్మి ఇంకా ఫోనులో వెదుకుతూనే ఉన్నది. గోరు కాస్త వంకరగా వచ్చింది. బూడిద అద్దుకొని చేపను మునుపటిలాగే అదిమి పడుతున్నది. పాలెంలో కొత్త పడవలకు మాత్రం ఆమెను పిలవడం లేదు.

మొన్న చందువా చేప కోస్తున్నప్పుడు, నా మనసులో ఉన్నది అడిగేశాను. చేపల మధ్య పుట్టి, చేపల మధ్య పెరిగిన నోటికి చేప ఎందుకు పడలేదంటావు?

"ఎందుకో నాకూ తెలీదండి," అన్నది. "మరీ గట్టిగా అడక్కండి టీచరుగారూ. మళ్ళీ ఏదో ఒకటి కల్పించాల్సొస్తది."