హరలాంపి బొమ్మ కిటికీకెక్కిన వైనం

బూట్లు బాగుచేసే హరలాంపి ద్యుల్గెరొవ్ ఈ లోకంలో నమ్మినవి రెండే: తన సుత్తి, తన తాళం. తాళాన్నయినా వేసిన తరువాత లాగి చూసేవాడు. ప్లోవ్‌దివ్ పట్టణంలో మా వీధివాళ్ళు ఆయనకు ఏ అపకారమూ తలపెట్టిన దాఖలాలు లేవు. అయినా ఆయన ప్రతి పలకరింపునూ బూటును తిరగేసినట్టు తిరగేసి, అడుగు చూసి, ఆ తరువాతే జవాబు చెప్పేవాడు. ఎండ బాగుందంటే, ఎవరికి బాగుందని అడిగేవాడు. పడుచుతనంలో ఒకామెను పెళ్ళాడతావా అని అడిగాడట. ఆమె మరీ త్వరగా ఒప్పుకోవడంతో, ఇందులో ఏదో ఉందని వెనక్కి తగ్గాడు. ఆమె ఇప్పుడు వర్నాలో మనవలను ఆడిస్తున్నది. ఆ మనవలు తన మనవలు కానందుకు ఆయన విచారించినట్టు ఎవరూ చూడలేదు.

మొదట సర్కారు వారి బూట్ల సహకార సంఘంలో పనిచేశాడు. అది మూతబడ్డాక స్తమాత్ కలుదొవ్ తండ్రి దగ్గర ఆ చిన్న దుకాణాన్ని అద్దెకు తీసుకున్నాడు. ముందు వీధి, వెనక చీకటి గది, ఆ వెనక పెరటి తలుపు. అరవై ఎనిమిదేళ్ళ వయసుకు ఆయనకు మిగిలిన సంసారమంతా అదే. తండ్రి పోయి స్తమాత్ యజమాని అయ్యాక ఆ సంసారానికి గండం వచ్చింది. ఒప్పందం అక్టోబరు చివర వచ్చే సెయింట్ దిమితర్ పండుగతో ముగుస్తుంది. అక్కడ కాఫీ కొట్టు పెట్టించాలని స్తమాత్ ఆలోచన. పొడిగిస్తావా అని హరలాంపి అడిగినప్పుడల్లా "చూద్దాం" అనేవాడు. ఒక సోమవారం ఆ మాట మీద ఇద్దరూ వీధి వీధంతా వినేలా అరుచుకున్నారు.

ఆ వారంలోనే చిత్రకళ బడి పిల్లలు మా వీధి మీద పడ్డారు. ప్రతి దుకాణదారు బొమ్మా చెక్క పలక మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్ది, వాళ్ళ వాళ్ళ కిటికీల్లోనే పెడతారట. అన్నిటికీ కలిపి "వీధి మిమ్మల్ని మరువదు" అని పేరు పెట్టారు. బానిత్సా రొట్టెలు అమ్మే కెరానా నెత్తిన పళ్ళెంతో, ఎరుపు పసుపు రంగుల్లో వేయించుకున్నది. మంగలి రెండు బొమ్మలు వేయించుకున్నాడు, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి. హరలాంపి మాత్రం దీని వెనక స్తమాత్ ఉన్నాడని తేల్చుకున్నాడు. ముందు బొమ్మ వస్తుంది, దాని వెనక కొలతలు తీసేవాడు వస్తాడు.

ఆయన వంతుకు వచ్చిన పిల్ల పేరు ఆంద్రియానా.

"నిన్నెవరు పంపారు?"

"మా మాస్టారు, బాబాయ్."

"ఆయన్నెవరు పంపారు?"

ఆ పిల్ల నిజాయితీగా ఆలోచించింది. "తెలీదు బాబాయ్. నేను బళ్ళో చేరేటప్పటికే ఉన్నారు."

ముందుగా నేర్పి పంపిన జవాబు ఇంత అధ్వాన్నంగా ఉండదని హరలాంపి నమ్మి, షరతుల మీద ఒప్పుకున్నాడు. ఎదురుగా కూర్చుని గీయడానికి వీల్లేదు. కూర్చుంటే దుకాణమంతా చూస్తుంది కాబట్టి, కోటూ టైతో ఉన్న పాత గుర్తింపు ఫొటో ఒకటి ఇచ్చాడు. రంగులు వద్దు, తానేమీ సర్కసువాడు కాడు. పెద్ద కాగితం వద్దు, వీధిలో ఎవరు తిరుగుతున్నారో కనపడదు. మామూలు కాగితమంతే ఉండాలి. వృత్తి రాయవద్దు, పన్నులవాళ్ళు చదువుతారు. మిగతావాళ్ళలాగా బొమ్మ కింద రాయడానికి నవ్వుతూ ఒక మాట చెప్పమంటే, ఆ మాటను తరువాత దేనికి వాడతారని అడిగాడు. పేరు మాత్రం రాసుకోనిచ్చాడు. అదయితే బోర్డు మీద ఎలాగూ ఉంది.

ఆ పిల్ల ఒక్కొక్క షరతుకూ తల ఊపి, చెప్పింది చెప్పినట్టే చేసింది. ఫలితం: మామూలు కాగితం, చుట్టూ నల్లటి అంచు, టై కట్టుకున్న హరలాంపి నవ్వని ముఖం, కింద పేరు, ఆ కింద "వీధి మిమ్మల్ని మరువదు".

మా దేశంలో మనిషి పోతే సరిగ్గా ఇలాంటి కాగితమే అచ్చువేసి తలుపుల మీదా, స్తంభాల మీదా అంటిస్తారు. దాన్ని చదవనిదే మా వీధిలో ఎవరూ పొద్దున్నే రొట్టె కొనరు. ఆ కాగితాలు అన్నేళ్ళు చదివిన హరలాంపికి తన బొమ్మలో అది కనపడకపోవడం వింతే. కానీ ఆయన చూపంతా ముక్కు మీద ఉంది. ముక్కు కావాలనే పెద్దది చేశారని ఆయన అనుమానం.

బొమ్మలన్నీ శనివారం పెట్టాలి. ఆయన ఎవరినీ లోపలికి రానివ్వకుండా గురువారం సాయంత్రమే తన బొమ్మను తానే అద్దానికి అంటించాడు, ముఖం వీధి వైపు ఉండేలా. తన ముఖం తనను చూస్తుంటే పని సాగదు. తరువాత గుమ్మానికి మాత్రమే ఉన్న షట్టర్ దించి, నడుము నొప్పికి డాక్టరు రాసిచ్చిన హిసార్య ఊళ్ళోని వేడినీటి స్నానాలకు పెరటి దారిన వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో లేనని చెప్పడం దొంగలకు తాళం చెవి ఇవ్వడమేనని ఆయన సిద్ధాంతం. ఫోను కూడా ఆపేశాడు.

శుక్రవారం పొద్దున కెరానా కాగితం చూసి శిలువ గీసుకున్నది. మధ్యాహ్నానికి గుమ్మం ముందు కొవ్వొత్తులు, పూలు. పూలన్నీ సరి సంఖ్యలో, పోయినవాళ్ళకు ఇచ్చే లెక్కలో. ఖననం ఎక్కడని మంగలి కెరానాను అడిగాడు, కెరానా మందుల షాపామెను అడిగింది, ఆమె మంగలికి తెలిసి ఉంటుందన్నది. బంధువులు లేని మనిషి కాబట్టి ఎవరో ఒకరు చూసుకుంటున్నారని ప్రతివారూ అనుకున్నారు. సాయంత్రానికి అసలు ప్రశ్న పుట్టింది: నిక్షేపంలా ఉన్న మనిషి, దేనివల్ల పోయాడు? హరలాంపి మా వీధికి వదిలివెళ్ళిన ఆస్తి అనుమానమే గనుక, వారసులందరూ దాన్ని శ్రద్ధగా వాడుకున్నారు. పుట్టగొడుగులన్నారు కొందరు. సోమవారం నాటి అరుపులు గుర్తుచేశారు మరికొందరు. రాత్రి దీపాలు ఆర్పే వేళకు స్తమాత్ పేరు ప్రతి ఇంట్లోనూ గొంతు తగ్గించి పలికారు.

శనివారం పొద్దున తక్కిన బొమ్మలు పట్టుకొచ్చిన ఆంద్రియానా కొవ్వొత్తులు చూసి అక్కడే ఆగిపోయింది. కాగితం తాను చేసిందే, కానీ కొవ్వొత్తులు తాను పెట్టినవి కావు కదా. ఆ పిల్ల కూడా నమ్మింది. బొమ్మలు గోడకు ఆనించి ఏడవసాగింది.

సరిగ్గా అప్పుడే స్తమాత్ కొలిచే టేపుతో, కాఫీ కొట్టు పెట్టబోయే మనిషితో వచ్చాడు. గుంపును చూసి టేపు జేబులో వేసుకున్నాడు. కానీ వేసుకోవడం అందరూ చూశారు.

"సోమవారం ఆయన మీద అరిచిందెవరు, స్తమాత్?" అంది కెరానా, చేతిలో పోయినవాళ్ళ పేరున పంచే, పంచదార కలిపిన ఉడికిన గోధుమల గిన్నెతో.

స్తమాత్ చుట్టూ చూశాడు, టోపీ తీశాడు. పోయినవాడి గురించి మంచే చెప్పాలన్నది మాకు చిన్నప్పటి నుంచి నేర్పిన మర్యాద. అనుమానం ఉన్నవాడు ఇంకాస్త ఎక్కువ చెప్పాలి. పైగా పోయినవాడికి ఇచ్చే మాటకు ఖర్చుండదు.

"దేవుడాయన్ని క్షమించుగాక. నాకు సొంత అన్న ఆయన. ఆ మాట ఈ మాట అనుకుంటాం, అన్నదమ్ములన్నాక తప్పుతుందా? ఉన్నన్నాళ్ళూ ఈ కొట్టు ఆయనదేనని చెబుదామనే ఇవాళ వచ్చాను. అద్దె కూడా పాతదే. పైసా పెంచేవాణ్ణి కాను, కెరానక్కా, ఈ శిలువ సాక్షి," అంటూ శిలువ గీసుకున్నాడు.

కాఫీ కొట్టు మనిషి ఆయన వంక వింతగా చూశాడు.

హరలాంపి అప్పటికి అరగంట నుంచి లోపలే ఉన్నాడు. పొద్దుటి బస్సులో దిగి, పెరటి దారిన వచ్చి, షట్టర్ అవతల జనం గొంతులు విని, తనను ఖాళీ చేయించడానికి వచ్చిన దండు అనుకొని సుత్తితో వెనక చీకటి గదిలో కూర్చున్నాడు. ఇప్పుడు లేచి షట్టర్ ఎత్తాడు.

అది సగం లేచేసరికి బూట్లు కనపడ్డాయి, తరువాత మోకాళ్ళు, తరువాత సుత్తి. ముఖం కనపడేటప్పటికి మంగలి వీధి అవతల ఉన్నాడు. కెరానా మాత్రం కదలలేదు. గోధుమల గిన్నె వదల్లేక నిలబడిపోయింది.

"ఉన్నన్నాళ్ళూ అన్నావు," అన్నాడు హరలాంపి. "ఎవరు ఉన్నన్నాళ్ళు? నువ్వా, నేనా?"

స్తమాత్ టోపీని మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

"నువ్వేనయ్యా," అంది కెరానా. "నువ్వు ఉన్నన్నాళ్ళూ. పాత అద్దె. మేమంతా విన్నాం."

"శిలువ కూడా గీసుకున్నాడు," అన్నాడు మంగలి, వీధి అవతలి నుంచే.

స్తమాత్ అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే, పోయినవాడనుకుని అబద్ధమాడానని వీధి మొత్తం ముందు ఒప్పుకోవాలి. దానికంటే కాఫీ కొట్టును వదులుకోవడమే చవక. అవునన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపుడును హరలాంపి నమ్మలేదు. అదే రోజు మందుల షాపామె సాక్షిగా కాగితం రాయించి, సంతకాన్ని దీపం దగ్గర పెట్టి పరీక్షించి గాని జేబులో పెట్టుకోలేదు.

కానీ అంతకు ముందు ఆయన ఆంద్రియానాను చూశాడు.

"నువ్వెందుకేడుస్తున్నావు? ఎవరేడవమన్నారు?"

"ఎవరూ అనలేదు బాబాయ్. మీరు పోయారనుకున్నా."

ఆయన ఆ జవాబును తిరగేసి చూశాడు. అడుగున ఏమీ కనపడలేదు. అలవాటు లేని పరిస్థితి కావడంతో ఏం చేయాలో తోచక, లోపలికి వెళ్ళి, ఉన్న ఒక్క కుర్చీని తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాడు. ఆ కుర్చీలో అప్పటి దాకా ఎవరూ కూర్చోలేదు.

రంగుల్లో మరో బొమ్మ చేసిస్తానని ఆ పిల్ల ఎంత అడిగినా ఆయన ఒప్పుకోలేదు. తనకు కొట్టును నిలబెట్టిన బొమ్మ అది. కాకపోతే పేరు కింద చిన్న అక్షరాలతో "లోపల ఉన్నాడు" అని రాయనిచ్చాడు.

స్తమాత్ ఇప్పుడు వారానికొకసారి ఆ దారిన వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, ఆరోగ్యం ఎలా ఉందన్నా అని ఎంతో ఆప్యాయంగా అడుగుతాడు. దివ్యంగా ఉందంటాడు హరలాంపి. అప్పటి నుంచి దగ్గు వచ్చినప్పుడల్లా వెనక గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని దగ్గుతున్నాడు.